బోర్డు మార్చిన బండి

ఆ పొద్దు తిరుపతి మీద మబ్బు కమ్ముకుంది గానీ, ఒక్క చినుకూ రాలలేదు.

జయచంద్ర ఆకాశం వైపు చూడలేదు. ఇరవై ఆరేళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. బండి లోపలికి చూడటమే అలవాటు.

రిటైరయ్యాక, తన బస్సెక్కిన మనుషుల గురించి బ్లాగులో రాస్తున్నాడు. ఆరేళ్లు, మూడు వందల పన్నెండు కథలు. బ్లాగు నడిపే కంపెనీవాళ్లు నెలాఖరుకి మూసేస్తామన్నారు. ఇక మిగిలింది ఒక్క రోజు.

కొత్త చిరునామా తీసుకున్నాడు. ఒక్కో కథనూ తన చేత్తోనే అక్కడికి చేరుస్తున్నాడు. చేరినదానికల్లా కాగితం మీద ఒక గీత, బండిలో తలలు లెక్కపెట్టినట్టు.

"బువ్వ తినవా సామీ?" అడిగింది భార్య తిరుమలమ్మ.

"ఇంగా పద్దెనిమిది మంది ఉండారు. అందురూ ఎక్కినాకే."

ఆమె కంప్యూటరులోకి తొంగి చూసింది. "కత కింద ఈ సన్నక్షరాలేంది?"

"ఎవుడో అజ్ఞాత. పేరు పెట్టుకునే ధైర్యం గూడా లేనోడు. ఏది రాసినా ఒక వంక."

తిరుమలమ్మ కళ్లద్దాలు సర్దుకుని చదివింది.

'ఆ పొద్దు వాన లేదు. ఎండ. ఆమె గొడుగు ఎండకు తెచ్చుకునింది.'

ఇంకో కథ కింద: 'మంచు. చంద్రగిరి కోట కానరాలేదు.'

"సూడుమే! వీడేమన్నా బండిలో ఉండినాడా? చెకింగోళ్లలో ఎవుడో. రిటైరైనా నామింద పగ పోలే."

"తిట్లేం లేవు కదయ్యా. వీటినీ తీసకపోరాదా?"

"టికెట్టు లేనోళ్లను ఎక్కించుకోను."

"పాత దాంట్లో కొత్త అడ్రసన్నా రాసిపెట్టు. సదివేటోళ్లు ఎతుక్కోరా?"

"రాస్తే వాడూ వస్తాడు. బోర్డు మార్చినామని ఎవురికీ చెప్పే పన్లే."

సాయంత్రానికి మూడు వందల పన్నెండో గీత పడింది. మర్నాటికి పాత బ్లాగు లేదు. అజ్ఞాత మాటలూ లేవు.

నాలుగో రోజు మధ్యాహ్నం మునివెంకటప్ప వాకిట్లో నిలబడ్డాడు.

పంతొమ్మిదేళ్లు జయచంద్ర బండికి డ్రైవరతను. రోజూ పాకాల బస్టాండులో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని క్యారియర్లు విప్పేవాళ్లు. ఆ పంతొమ్మిదేళ్లలో అతను మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక చేతిసంచి నిండదు.

"ఏమబ్బా! ఆరేళ్లకు గుర్తొచ్చినామా?"

మునివెంకటప్ప అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"బాగుండావా?"

"నాకేమి, గుండ్రాయి మాదిరుండా."

మునివెంకటప్ప ఊపిరి వదిలాడు. జేబులోంచి సెల్లు తీసి చూపించాడు. తెల్లటి తెర. 'ఈ పేజీ లేదు' అని మూడు ముక్కలు.

"మూడు దినాలుగా ఇట్లే ఉండాది. నీకేమన్నా ఐందేమోనని వచ్చినా."

"నువ్వు సదువుతావా?" జయచంద్ర మొహం విప్పారింది. "ఒక్క మాటన్నా సెప్పినావా! కొత్త చోటికి మార్చినానప్పా. కతలన్నీ భద్రం. రా, తిందాం."

తిరుమలమ్మ సంగటి ముద్దలు పెట్టి, పక్కన ఊరుబిండి పచ్చడి వేసింది.

జయచంద్ర ఆగలేకపోయాడు. "మామిడికాయల ముసలామె కత ఇంగా పెంచినా. గొడుగేసుకోని, జోరువానలో దామలచెరువు కాడ ఎక్కిందే..."

మునివెంకటప్ప ముద్ద తుంచుతూ, తలెత్తకుండా అన్నాడు.

"ఆ పొద్దు వాన లేదబ్బా. ఎండ."

తిరుమలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

తాను బండి లోపలి మనుషుల్ని చూస్తున్నన్నాళ్లూ ముందు అద్దంలోంచి ఆకాశాన్ని చూసినవాడు ఆరేళ్లుగా తనతో మాట్లాడుతూనే ఉన్నాడని, ఆ మాటలన్నిటినీ తానే దారిలో దింపేసి వచ్చానని ఎట్లా చెప్పాలో తెలియక, జయచంద్ర పాకాల బస్టాండులో లాగే అతని పక్కన కూర్చుని ముద్ద తుంచాడు.