కోతి చెబితేనే

గాలివాన వెలిసింది. ఊరంతా కరెంటు లేదు. సబ్‌స్టేషన్‌లో ఫోను మాత్రం గుక్క తిప్పుకోకుండా మోగుతోంది.

ఆపరేటరమ్మ చేతులు కట్టుకుని స్విచ్ పక్కనే కూర్చుంది. తెగిన తీగ కలపడానికి లైన్‌మన్ స్తంభమెక్కాడు. అందరూ అతన్ని కోతి అంటారు. ఆమె డ్యూటీలో ఉంటే తప్ప స్తంభం ముట్టడు.

"దిగాక నువ్వే ఫోన్ చెయ్. నీ గొంతు వింటేగానీ వెయ్యను" అని చెప్పి పంపింది.

"అలాగే అక్కా" అన్నాడు. అందరితో గలగలా వాగేవాడు, ఆమె ముందు మాత్రం తలొంచుకునే ఉంటాడు.

ముందు ఐసు ఫ్యాక్టరీ ఓనరు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, ఇక్కడ ఐసంతా నీళ్లైపోతోంది!"

"అయితే బకెట్లు పెట్టుకోండి."

తర్వాత లైను పనుల కాంట్రాక్టరు.

"కోతి దిగాడమ్మా. నా కళ్లారా చూశా. వేసెయ్."

"ఫోన్ అతనికివ్వండి."

కాంట్రాక్టరు నీళ్లు నమిలాడు. "ఇక్కడ లేడు... టీ తాగడానికి పోయుంటాడు."

"తాగొచ్చాక చెప్పమనండి."

ఆ వారమే వచ్చిన కొత్త ఇంజినీరు బురద బూట్లతోనే లోపలికి దూసుకొచ్చాడు. పైనుంచి అతనికీ అక్షింతలు పడుతున్నాయి మరి.

"దిగాడని చెబుతుంటే వినపడదా? వెయ్యండి!"

"వెయ్యను సార్."

"ఇది ఆర్డరు!"

"రాసిచ్చినా వెయ్యను. కోతి చెప్పాలి."

"ఉద్యోగం పోతుంది, చూస్కోండి."

"పోతే ఇంకోటి వెతుక్కుంటా. మనిషి పోతే ఎక్కడని వెతకను?"

ఇంజినీరు తనే వేస్తానని స్విచ్ వైపు అడుగేశాడు. ఆమె కుర్చీని బరబరా లాగి సరిగ్గా దానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"ముందు నన్ను లేపండి. తర్వాత వేసుకుందురు."

అప్పుడు మళ్లీ ఫోను మోగింది. స్పీకర్ నొక్కింది.

"అక్కా..." కోతి గొంతే. రొప్పుతున్నాడు. "ఇప్పుడే దిగా. ఒక స్తంభం దిగానో లేదో, పక్కదాని మీద ఇంకో తీగ తెగి వేలాడుతోంది. వెంటనే దాన్నెక్కా. నా ఫోను బురదలో పడి చచ్చింది. ఇది ఎవరిదో అడిగి చేస్తున్నా."

"పైన ఇంకెవరూ లేరుగా?"

"లేరక్కా. వెయ్యి."

ఆమె లేచి వేసింది. ఊరు ఒక్కసారిగా ఓ అని అరిచింది.

ఇంజినీరు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అదే కుర్చీలో కూలబడ్డాడు.

"అంత ప్రాణంగా కాచుకున్నారు... మీ సొంత తమ్ముడా అమ్మా?"

"కాదు సార్. మా ఆయన స్తంభం మీదుండగా, దిగాడని ఎవరో చెబితే నమ్మి ఈ స్విచ్ వేసినవాడు."