మంగ్ అనగా

1960. మసాచుసెట్స్‌లోని మా కళాశాల బొమ్మరైళ్ల క్లబ్బుకు హోలిస్ నిఘంటుకారుడు. మా యాస మాటలకు అతడు కూర్చిన అర్థాలలో చివరిది ఆ పూటే నల్లబల్ల మీది నుంచి టైపుకు వెళ్లవలసి ఉంది.

అంతలో మా క్లబ్బువాడే డెల్బర్ట్, తన ప్రోగ్రామును చిల్లులుగా పొడిచిన కార్డుల కట్టతో వచ్చాడు. కంప్యూటర్ దగ్గర వారానికొకసారి దక్కే పావుగంట, ఆ ప్రోగ్రాము నడవక అతనికి వ్యర్థమైపోయింది.

"నా ప్రోగ్రామును ఏం చేశావురా?"

"నాలుగు కార్డులు చక్కదిద్దాను. మన భాషలో మంగ్ చేశాను. అర్థం బల్ల మీదే ఉంది, చదువుకో నాయనా."

బల్ల మీద ఇలా ఉంది: "మంగ్: పనికిరాకుండా పోయేదాకా మెదపడం."

హోలిస్ బయటికి వెళ్లి కోలా సీసాతో తిరిగి వచ్చేసరికి ఆ వాక్యం మారింది: "మంగ్: పనికిరాకుండా పోయేదాకా మంగ్ చేయడం."

"ఒరేయ్, మంగ్ అంటే తెలియాలంటే ముందు మంగ్ అంటే తెలిసుండాలా? నా నిర్వచనాన్ని ఏం చేశావురా?"

"నువ్వే చెప్పు. నిఘంటువు నీదే కదా," అన్నాడు డెల్బర్ట్.

హోలిస్ తుడుపుగుడ్డ అందుకున్నాడు గానీ, డెల్బర్ట్ చేసినదానికి ఎంత వెదికినా 'మంగ్' అనే ఆ ఒక్క మాటే దొరికింది. గుడ్డను కింద పెట్టి, బల్ల మీద ఉన్నదాన్ని ఉన్నట్టే టైపుకు పంపాడు.