ఖాళీ తేనెపెట్టె

పోలిష్ అధికారి జారెంబా మా కీర్తనల పుస్తకాన్ని బల్లమీద విసిరాడు. "జర్మన్ పుస్తకం! ఏ ఇంట్లో జర్మన్ రాత దొరికినా ఆ ఇంటివాళ్లని పోలండు సరిహద్దు దాటిస్తామని చెప్పానా లేదా, ముసలమ్మా?"

"అక్షరాలే జర్మన్‌వి బాబూ, మాటలు పోలిష్‌వే. మా మాజూరీ వాళ్లం తరతరాలుగా ఇలాగే అచ్చేసుకుంటున్నాం. చదవలేకపోతే పోనీ, చెవులైనా ఉన్నాయిగా!" అంటూ నాయనమ్మ ఓ కీర్తన అందుకుంది.

పాట ముగిసేసరికి అతను టోపీ తీసి కూర్చున్నాడు. "మా అమ్మ మాటలాగే ఉంది, అవ్వా."

"మాటలు పోలిష్‌వని ఇదే పుస్తకాన్ని హిట్లర్ మనుషులు తగలెడతామన్నారు. అక్షరాలు జర్మన్‌వని ఇప్పుడు నువ్వొచ్చావు. దేవుడు మాత్రం ఏ పేచీ పెట్టలేదయ్యా."

జారెంబా నవ్వాడు. "మరి వాళ్లకి దొరక్కుండా ఎక్కడ దాచావు?"

"పెరట్లో ఖాళీ తేనెపెట్టెలో! యుద్ధం అయ్యేదాకా అందులోనే ఉంది. కుడతాయని ఒక్కడూ చెయ్యి పెట్టలేదు."

నేను పాలగిన్నె పక్కన పెట్టేశాను. ఇప్పుడు ఆ పెట్టెలో నా డైరీ ఉంది. యుద్ధం ముగిసేదాకా మా ఊరు జర్మనీలోనే ఉండేది; బడిలో నాకు నేర్పింది జర్మన్ ఒక్కటే. డైరీ మొత్తం జర్మన్‌లోనే రాశాను. ఆ సంగతి నాయనమ్మకు తెలియదు.

"ఏదీ, చూపించు అవ్వా," అని జారెంబా టోపీ పెట్టుకుని లేచాడు.

నాయనమ్మ సంబరంగా పెరటి తలుపు తీసి నావైపు తిరిగింది.

"అలా నిలబడ్డావేమే? వచ్చి మూత పట్టు, నేనొక్కదాన్ని ఎత్తలేను."