పొట్టేలు తొడ

“తొడ నాది,” అన్నాడు లాకిదాస్, పొట్టేలు మెడ మీద కత్తి పెట్టకముందే.

“ఏటేటా నీదేగా తాతా,” అంది మెలిత్తా. “నోట్లో ఒక్క పన్ను లేదు. తొడ మాత్రం వదలవు.”

అత్త ఫిలినా ఆమె మోచెయ్యి నొక్కింది. అపోలో దేవుడు జోస్యం చెప్పే చూపు ఇచ్చిన మనిషితో అలా మాట్లాడకూడదు.

లాకిదాస్ పట్టించుకోలేదు. ఊళ్ళోవాళ్ళు అంతకంటే ఎక్కువే అనేవారు. ఫిలినా కొడుకు దామోన్ ఎక్కిన ఓడ ట్రాయ్ యుద్ధం నుంచి తిరిగొస్తూ కనబడకుండా పోయి ఏడేళ్ళు. ఏటా వసంతంలో ఆమె ఒక పొట్టేలును తోలుకొచ్చి, కొడుకు బతికున్నాడా అని అడిగేది. ముసలాడు అదే జవాబు చెప్పి, తొడ పట్టుకుని లోపలికి పోయేవాడు. ఆమె మంద సగానికి పడిపోయింది.

రక్తం రాతి మీద కారింది. లాకిదాస్ కార్జం తీసి ఎడమ అరచేతిలో పెట్టుకుని, అంచున కుడి బొటనవేలు ఆనించాడు. ఆ అంచున చెవి తమ్మెలాంటి చిన్న ముక్క ఉంటే మనిషి ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. ఆ సంగతి అక్కడ పిల్లలకి కూడా తెలుసు.

“బతికే ఉన్నాడు,” అన్నాడు.

ఫిలినా ముఖం విచ్చుకుంది. కొడుకు దుప్పటి ఎండలో వెయ్యాలని, వాడి గిన్నె తోమి పెట్టాలని గొణుక్కుంటూ, చేతులు కడుక్కోవడానికి వాగు వైపు నడిచింది.

కోడలు కదల్లేదు.

“వేలు తియ్యి తాతా. నేనూ చూస్తాను.”

“చూడ్డం నీ పని కాదు.”

“పోయాడని ఒక్క మాట చెప్పు. జుట్టు కోసుకుంటాను, సమాధి దిబ్బ వేస్తాను, పాలు పోసి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాను. లేకపోతే ఆయన చచ్చినవాళ్ళ ఏరు దాటలేక గట్టునే తిరుగుతుంటాడు. మొదటేడు కలలోకొచ్చేవాడు, తడిబట్టలతో. ఇప్పుడు రావడమే మానేశాడు. నా మీద విసుగు పుట్టిందేమో.”

లాకిదాస్ వాగు వైపు చూశాడు. నిజం చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. అదే ఓడలో పోయిన తమ కొడుకు సంగతి భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. పన్నెండో రోజున పుట్టింటివాళ్ళొచ్చి శవాన్ని కొండ అవతలికి మోసుకుపోయి అక్కడే పూడ్చారు.

“జుట్టు ఉంచుకో,” అన్నాడు.

“ఇంటి వెనక మీ ఆవిడ పేర దిబ్బ వేసుకుని ఏటా పాలు పోసుకుంటావు. నా మొగుడికి ఒక్క చుక్క దక్కనివ్వవు. అంతా ఈ తొడ కోసమేగా?”

“అలాగే అనుకో.”

ఆమె అతని కాళ్ళ దగ్గర ఉమ్మేసి, మిగిలిన మాంసం భుజానికెత్తుకుని అత్త వెనక వెళ్ళిపోయింది.

వాళ్ళు మలుపు తిరిగేదాకా లాకిదాస్ వేలు తియ్యలేదు. తీశాక కార్జాన్ని వాగులో పారేశాడు. ఎండు బార్లీ రొట్టె నీళ్ళలో నానబెట్టుకుని, చిగుళ్ళతో నమిలి మింగాడు.

ఆ తర్వాత తొడ, పాలచెంబు పట్టుకుని ఇంటి వెనక దిబ్బ దగ్గరికి వెళ్ళాడు. పుల్లలు పేర్చి, తొడ మొత్తం బూడిదయ్యేదాకా కూర్చున్నాడు. పాలు మట్టి మీద పోశాడు.

“దామోన్,” అని మూడుసార్లు పిలిచాడు.