జతగాని ఈల

ఆళ్లగడ్డ బస్టాండులో దిగేసరికి నడినెత్తిన ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. తూర్పున నల్లమల మీద మాత్రం ఒక మబ్బు, తడిసిన గొంగడి ఆరేసినట్టు, కొండ వీపున బరువుగా వేలాడుతోంది. కృపమ్మ దాన్ని ఒకసారి చూసి, చూపు తిప్పుకొని, మళ్లీ చూసింది.

"ఏంది టీచరమ్మా, మబ్బుకు గూడా హాజరేస్తాండావా?" అన్నాడు ఏలీయా. తక్కినవాళ్లు నవ్వారు.

"నువ్వు ముందు నీ చీటీ సరిగ్గా గుచ్చుకో, ఏలీయా." 'నువ్వు' దగ్గర ఆమె నాలుక తడబడింది. పొద్దుటి నుంచీ అంతే.

అందరి చొక్కా జేబులకూ పిన్నీసుతో గుచ్చిన పేరు చీటీలున్నాయి. సాయంత్రం దాకా ఆ పేరుతోనే పిలవాలి, పిలిస్తే పలకాలి. అది కృపమ్మ పెట్టిన కట్టడి. ఏలీయా చీటీ సర్దుకుంటుంటే జేబులో బీడీల కట్ట కనిపించింది. ఆమె చేయి చాపింది. ఏలీయా చెవుల దాకా ఎర్రబడి ఇచ్చేశాడు.

అహోబిలం బస్సెక్కే ముందు హెడ్మాస్టరు దేవసహాయం ఆమెను పక్కకు పిలిచాడు.

"చూడు కృపమ్మా, ఈ కొండ యాత్ర నీ పట్టు. ఈ పొద్దు ఒక్కరికి కాలు బెణికినా వచ్చే నెల ఎవురూ రారు. మన బడిలో ఇంక కొండ మాటే ఉండదు."

"సరే సార్."

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం, వానాకాలం చివర. స్కౌటు శిబిరానికి పోయి వచ్చిన నాటి నుంచి ఆమె అడుగుతున్న యాత్ర ఇది.

కొండదారిలో ముందు ఆమె, వెనక హెడ్మాస్టరు, నడుమ జతలు జతలుగా తక్కినవాళ్లు. జతగాడు కంటికి కనపడకపోతే ఈల ఊదాలి. ఈల వినపడితే ఎవరున్నచోట వాళ్లు ఆగాలి, తప్పినవాడు వెనక్కి రావాలి. ఏలీయాకు జత రామయ్య. ఇద్దరికీ చెడ్డీలు బిగుతయి, అడుగుకొకసారి సర్దుకుంటున్నారు.

"ఈ ఈలలేంది, ఈ చీటీలేంది? గొర్లకు గూడా ఇంత కాపలా లేదప్పా" అన్నాడు ఏలీయా.

"గొర్రె చెప్పిన మాట ఇంటాది" అన్నాడు రామయ్య.

ఏటి మలుపు దగ్గర నీడ చూసి కృపమ్మ అందరినీ ఆపింది. సద్ది మూటలు దించారు. కింద భవనాశిని నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. నడుమ ఒక చాపరాయి. ఏలీయా మెల్లగా లేచాడు.

"యాడికి?" అన్నాడు రామయ్య.

"నీళ్లు కనపడితే ఏలీయా ఊరకుంటాడా?" కన్ను గీటి, పొదలు పట్టుకొని దిగిపోయాడు.

రామయ్య ఈల నోట్లో పెట్టుకున్నాడు, తీశాడు. తోటివాని మీద చాడీ చెప్పినట్టుంటుంది. కింది నుంచి ఏలీయా గొంతు వినిపించింది. "ఊదితే ఊదు పో! ఎవురొస్తారో చూస్తా!"

మాట వినిపిస్తోంది, మనిషి కనపడలేదు. రామయ్య ఊదాడు.

కృపమ్మ అంచుకొచ్చి చూసింది. ఏలీయా టైరు చెప్పులు విడిచి చాపరాయి మీద కాళ్లాడిస్తూ కూర్చున్నాడు.

"ఏలీయా, పైకి రా."

"రెండు మునకలేసి వస్తా టీచరమ్మా. వాన లేదు, వరద లేదు."

ఆమె కేకలేయలేదు. నీళ్ల వైపు చూస్తోంది. గులకరాళ్లు ఇప్పుడు కనపడటం లేదు. నీటి మీద ఎండుటాకులు బారులు తీరి వస్తున్నాయి. గాలి లేదు, ఆకు రాలింది లేదు. అవతలి గట్టున కోతులు పిల్లలను పొట్టకు అదుముకొని పైకి, ఇంకా పైకి పోతున్నాయి.

"ఏలీయా, ఈల ఇన్యావు కదా. ఈల అంటే రావాల. అంతే."

ఆ గొంతులో ఏముందో, ఏలీయా గొణుక్కుంటూ లేచాడు. చెప్పులు మరిచి, పొదలు పట్టుకొని ఎగబాకాడు. రామయ్య చేయందించి లాగాడు.

"అందరూ చేతులు పట్టుకోండి. ఆ పైబండ మీదికి. మూటలు మళ్లీ తీసుకుందాం."

పైబండ చేరారో లేదో, కొండ కడుపులో ఏదో దొర్లింది. మలుపు దాటి నీళ్లు రాలేదు, గోడ వచ్చింది. ఎర్రటి గోడ. దాని నెత్తిన ఒక చెట్టు, వేళ్లతో సహా నిలువుగా నడిచి వస్తోంది. లోపల బండలు బండలను కొట్టుకుంటుంటే కాళ్ల కింద రాయి వణికింది. చాపరాయి లేదు. చెప్పులు లేవు. కింద పెట్టిన మూటలు లేవు. పైన ఆకాశం మాత్రం ఇంకా కడిగిన పళ్లెంలాగే ఉంది.

అందరూ చేతులు వదలకుండా నిలబడిపోయారు.

ఏరు కాస్త తగ్గాక దేవసహాయం ఆమె వైపు తిరిగాడు. "కృపమ్మా, మరి వచ్చే నెల?"

"వస్తారు సార్. ఈ మలుపులో కూచోరు."

"కొండ మీద మబ్బుంటే ఆళ్లగడ్డ నుంచే తిరుక్కోవాల" అన్నాడు ఏలీయా, తల ఎత్తకుండా. "ఈల ఊదేదానికి సిగ్గుపడొద్దని గూడా చెప్పాల."

రామయ్య ఈలను చొక్కాకు తుడిచి మెడలో వేసుకున్నాడు.

తన భుజం నుంచి దించకపోవడంతో మిగిలిన ఒక్క మూట విప్పింది కృపమ్మ. జొన్నరొట్టెలు తుంచి అందరికీ తలా ముక్క, చెనిక్కాయల పొడి చిటికెడు పెట్టింది. కింద ఏరు రొద పెడుతుంటే గుండ్రంగా కూర్చొని తిన్నారు. ఏలీయా ఒక చేత్తో తింటూ, రెండో అరచేత్తో జేబు మీది పేరును కప్పి పట్టుకున్నాడు.

వచ్చే నెల ఈ కొండకు రావాల్సిన, పంతుళ్లకు తమ పేర్లు అరువిచ్చిన పిల్లలంతా ఆ వేళ నంద్యాలలో గోలీలాడుకుంటున్నారు.