వెనక చక్రాలు

సాల్మన్‌రాజు తన కంటైనరు లారీని కాటా మీదికి ఎక్కించాడు గానీ, వెనక చక్రాలను మాత్రం అంచు ఇవతల నేల మీదే ఉంచాడు.

అలా నిలబెడితే తూకం తగ్గుతుంది. నర్సీపట్నంలో గ్రానైటు పలకలు తోలే డ్రైవర్లకు కొత్త విద్యేం కాదు. కాటా చీటీలో బరువు ఎక్కువుంటే విశాఖ పోర్టు గేటు దాటనివ్వరు మరి.

కిందటి నెలే ఓసారి పట్టుబడ్డాడు. ఈసారి దొరికితే లైసెన్సు రద్దేనని బ్రేకు ఇన్‌స్పెక్టరు చెప్పి పంపాడు. లైసెన్సు పోతే ఇంట్లో పెళ్ళాంబిడ్డలకు గంజి కూడా గతి లేదు.

చీటీ జేబులో పెట్టుకుని తల తిప్పాడు. ఖాకీ ప్యాంటు మనిషొకడు నేల మీదున్న ఆ చక్రాలనే చూస్తున్నాడు.

సాల్మన్‌రాజు గబగబా క్యాబిన్ ఎక్కేశాడు.

ఆ మనిషి క్యాబిన్ దగ్గరికొచ్చాడు.

"ఓపాలి కిందకి దిగు బాబూ. బండి సూపిస్తాను."

"టైమైపోనాది సార్," అంటూనే గేరు వేసేశాడు.

ఊరు దాటాక అద్దంలో చూస్తే మోపెడ్ మీద ఆ మనిషే. చెయ్యి ఊపుతూ, హారన్ కొడుతూ వెంటపడి వస్తున్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సాల్మన్‌రాజు జేబులో చీటీ తడుముకున్నాడు. ఏ స్క్వాడో, ఏ విజిలెన్సో! ఈ ఒక్కసారికి గట్టెక్కించు ప్రభువా అని ప్రార్థించుకుంటూ స్పీడు పెంచాడు.

కోటవురట్ల దాటాక మోపెడ్ పక్కకొచ్చింది. ఆ మనిషి ఏదో అరుస్తున్నాడు. ఇంజను మోతలో ఒక్క ముక్కా వినబడలేదు. వినాలని సాల్మన్‌రాజుకూ లేదు. సైడివ్వకుండా లారీని కుడికి లాగాడు.

మోపెడ్ కంకరలోకి జారి పల్టీ కొట్టింది. అది చూసి కూడా, పాపిష్టి మనసు, బతుకు జీవుడా అనుకుంది.

మలుపు తిరగబోతుంటే వెనక ఏదో ఫెళ్ళుమంది. బండి ఎడమకి లాగేస్తోంది. ఎలాగో ఆపి, దిగి చూశాడు.

కంటైనరును బండికి పట్టి ఉంచే మూల లాకు విరిగిపోయింది. ఒకవైపే పేర్చిన పలకల బరువుకి కంటైనరు పక్కకి ఒరిగిపోయి ఉంది. ఇంకాస్త ముందుకు పోయుంటే, బస్సు కోసం నిలబడ్డ జనం మీదే పడేది.

ఆ మనిషి అరిచిందేమిటో అప్పుడు తెలిసింది. సాల్మన్‌రాజు మోపెడ్ పడ్డ చోటికి వెనక్కి పరుగెత్తాడు.

రోడ్డు పక్క జీడిమామిడి పళ్ళు అమ్మే సోమలమ్మ అప్పటికే ఆ మనిషి ముఖం మీద తువ్వాలు కప్పేసింది.

ఈయన ఏ స్క్వాడని సాల్మన్‌రాజు అడిగాడు.

"స్క్వాడేటి బాబూ," అంది సోమలమ్మ. "ఒరిగిన బండి అగుపడితే సాలు, ఆపి సెప్పడానికి ఇలాగే ఎంటబడతాడు. జైలు నుంచొచ్చిన కాడ్నించీ ఇదే పని. రెండేళ్ళ కింద ఈ మలుపులోనే ఆటో మీద కంటైనరు పడేసిన డైవరు ఈయనే."