మూడో వైరు

"ఆగక్కా! ముందు ప్లగ్గు గుంజు!"

ఎత్తిన కొబ్బరికాయ చేతిలోనే ఉండిపోయింది. స్వరాజ్యం ఉలిక్కిపడి ప్లగ్గు లాగేసింది.

గడపలో నిలబడి అరిచినాయన ఎవరో తెలియదు. వానకు చూరు కిందికొచ్చిన మనిషి అనుకుంది.

ఇబ్రహీంపట్నంలో ముసురు పట్టి వదలడం లేదు. కాలేజీ హాస్టళ్ల పిల్లల బట్టలు ఆరక కంపు కొడుతున్నాయి. అందుకే స్వరాజ్యం కుట్టుమిషన్ అమ్మేసి, తుక్కుగూడలో పాత సామాన్ల పరమేశ్వర్ దగ్గర బట్టలారబెట్టే మిషన్ కొంది. ఈరోజే దుకాణం మొదలు. తడి మూటలు అప్పుడే వచ్చేశాయి! ఆమె కాలు నేల మీద నిలవడం లేదు. ఆ సంబరంలో మిషన్‌కు పసుపు రాసి, బొట్లు పెట్టి, దాని మీదే కాయ కొట్టబోయింది.

"నీళ్లు లోపలికి పోతయక్కా. గడప కాడ కొట్టు."

అంతటితో ఊరుకున్నాడా! తిన్నగా మిషన్ వెనక్కి పోయి వైరు పట్టుకు చూశాడు.

"గీ వైరు ఎవరేసిండ్రు?"

"నేనే. వైరు లేకుండనే వచ్చింది. ఇంట్ల ఫ్యాన్‌దుంటే ఏసిన," అన్నాడు స్వరాజ్యం భర్త మల్లేశ్.

"రెండే ఉన్నయి. ఎర్తుకు మూడోదేది?"

"రెంటితోని తిరగదా ఏంది?"

"తిరుగుతదన్నా. లోపల వైరు తెగి తగిలితే రేకంత కరెంటు పాకుతది. తడి చేతులతోని ముట్టేది అక్క."

స్వరాజ్యానికి ఒళ్లు మండింది. "శుభమా అని షురూ చేస్తుంటే గీ మాటలేంది? నీకు కరెంటు పని వస్తదా?"

"రాదు. గిదొక్కటే ఎరుక."

"గిట్ల అన్నిటికి అడ్డం పడితే నీ పెండ్లాం ఎట్ల ఏగుతున్నదో పాపం!"

అతను వైరు వదిలేశాడు. వానలోకి వెళ్లిపోయాడు.

పీడ వదిలిందనుకుని ఆమె మళ్లీ కాయ అందుకుంది. అంతలోనే ఊడిపడ్డాడు, నిండా తడిసి! చేతిలో మూడు తీగల లావుపాటి వైరు, పెద్ద ప్లగ్గు.

"బోర్డుకు ఎర్తున్నదా?"

"ఉన్నది. ఎనుకట గీడ పిండిమర నడిచేది," అని సణుగుతూనే మల్లేశ్ పని మొదలుపెట్టాడు. ఆకుపచ్చ తీగను మిషన్ రేకుకు మరతో బిగించేదాకా వచ్చినాయన పక్కనుంచి కదల్లేదు. లాగినా ఊడకుండా వైరుకు క్లిప్పు పెట్టించాడు. ప్లగ్గు పెట్టి, టెస్టర్‌తో రేకంతా చూపించాకే "ఇగ కొట్టక్కా కాయ" అన్నాడు.

గడప దగ్గర కాయ పగిలింది. మిషన్ గిర్రున తిరిగింది! మొదటి మూట వెచ్చగా, ఫెళఫెళలాడుతూ బయటికొచ్చింది. ఆ బట్టల్లో ముఖం దాచుకుని స్వరాజ్యం చిన్నపిల్లలా కేక పెట్టింది. మల్లేశ్ ఈల వేశాడు.

కొబ్బరిముక్క ఇద్దామని తిరిగితే వైరు తెచ్చినాయన లేడు. రోడ్డు మీదికి పరుగెత్తింది. వాన తప్ప ఎవరూ లేరు.

ఫోన్ మోగింది. పరమేశ్వర్.

"అక్కా, సిద్దయ్యని ఒకాయన వచ్చిండా? మిషన్ ఎవరికిచ్చినవని పొద్దుగాల నాతోని కొట్లాడి నీ పత్తా తీసుకపోయిండు."

"వచ్చిండు! ఆయన పుణ్యాన మస్తు నడుస్తున్నది. మెకానికా?"



"కాదక్కా. ఆ మిషన్ ఆయనదే. ఇగ ఎవ్వరు ముట్టొద్దని పాత ఇనుము కింద ఏసిపోయిండు, నాకు తెల్వక నీకమ్మిన. పోయిన ముసుర్ల తడి బట్టలేస్తుంటే ఆయన పెండ్లాం ఆ రేకుకే అతుక్కుని పాణం ఇడిసిందట."